ఒక్కదానికే కట్టిన దారం

మా అత్తగారింట్లో ఏ వస్తువూ ఒంటరిగా గుమ్మం దాటి లోపలికి రాదు. చీర వస్తే రెండు, కుంకుమ భరిణ వస్తే రెండు, ఆఖరికి ప్లాస్టిక్ బకెట్ వచ్చినా రెండే. "కోడళ్ళిద్దరూ నాకు రెండు కళ్ళు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టే మనిషిని కాదమ్మా నేను" అంటుంది మా అత్తగారు బసవమ్మ, వచ్చినవాళ్ళందరి దగ్గరా. వినడానికి బాగానే ఉంటుంది. ఆ రెండో కన్ను ఇంటికి రాకముందు ఇంకా బాగుండేది.

ఆ రెండో కన్ను పేరు తేజశ్రీ. మా మరిది ప్రేమ్‌చంద్‌ని చేసుకుని నిరుడు వచ్చింది. నేను అఖిలని, పెద్దకోడల్ని. ఇంకొల్లులో మాది మిరప, పత్తి సేద్యం. అన్నదమ్ములిద్దరూ పొలాలూ, గుంటూరు యార్డూ అంటూ తిరుగుతుంటారు. ఇంట్లో మిగిలేది మేం ముగ్గురం ఆడవాళ్ళం, మా అత్తగారి న్యాయం.

ఆ న్యాయానికి దొరక్కుండా మూడేళ్ళపాటు నాకంటూ ఒకటుండేది. నా సైకిలు. థైరాయిడ్ వచ్చి ఒళ్ళు బరువెక్కితే డాక్టరమ్మ నడవమంది. నడక నాకు చిరాకు. పదో తరగతి దాకా పర్చూరు హైస్కూలుకి సైకిల్ మీద వెళ్ళినదాన్ని, మళ్ళీ ఒక గేర్ల సైకిల్ కొనిపించుకున్నాను. చీరాలలో ఆడవాళ్ళ సైక్లింగ్ గ్రూపు ఒకటుందని తెలిసి అందులో చేరాను. దాని కెప్టెన్ నగ్మా మేడం, కాలేజీలో పీఈటీ. ఆదివారాలు అందరం కలిసి వాడరేవు దాకా తొక్కేవాళ్ళం. మిగతా రోజుల్లో ఇంట్లోనే, ట్రైనర్ మీద.

ట్రైనరంటే మరేం లేదు, సైకిల్ వెనక చక్రాన్ని బిగించి నిలబెట్టే ఇనుప స్టాండు. చక్రం దాని రోలర్‌కి ఆనుకుని తిరుగుతుంది. మనం ఎంత బలంగా తొక్కుతున్నామో ఫోన్‌లో వాట్ల లెక్కన కనపడుతుంది. సైకిల్ మాత్రం అంగుళం కదలదు. మొదటిసారి చూసి మా మామగారు, "గానుగెద్దు నయం కదమ్మా, తిరిగినందుకు నూనైనా వస్తుంది" అన్నారు. అననీ. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. ఆ ఘాటులో రోడ్డు మీద గట్టిగా ఊపిరి పీలిస్తే దగ్గుతో ప్రాణం పోతుంది. అందుకని తలుపులేసుకుని మేడ మీద హాల్లో తొక్కుకునేదాన్ని. అక్కడికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

తేజశ్రీ వచ్చింది. "అక్కా, నేనూ తొక్కనా?" అంది, పెళ్ళయి నాలుగు నెలలైనా కాకముందే. సరదాకి అడిగింది కాబోలు అనుకున్నాను. వారం తిరక్కుండా మా ఆయన చైతన్యకృష్ణ తేజకి నాలాంటి సైకిలొకటీ, ట్రైనర్లున్న రెండు అట్టపెట్టెలూ మోసుకొచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు. నా పాత ట్రైనర్ ఎవరికో ఇచ్చేశారు. నన్ను అడగను కూడా అడగలేదు. ఒకదానికి పాతదీ ఇంకోదానికి కొత్తదీ అయితే బాగుండదని మా అత్తగారు అందట. మేడ మీద హాల్లో రెండు ట్రైనర్లు పక్కపక్కనే వెలిశాయి, రెండు కళ్ళలాగానే.

సరే, వచ్చింది కదా అని నేనే అన్నీ నేర్పాను. టైర్లో గాలి ఎంత ఉండాలి, రోలర్‌ని చక్రానికి అదిమే స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలి, టైరు వేడెక్కాక కాలిబ్రేషన్ ఎలా చేయాలి. వేగంగా తొక్కి ఒక్కసారిగా కాళ్ళు ఆపేస్తే, రోలర్ ఎంతసేపటికి ఆగుతుందో చూసి ట్రైనర్ తనలో ఉన్న రాపిడి లెక్క కట్టుకుంటుంది. ఆ రాపిడిని కలుపుకునే మన అంకె చూపిస్తుంది. ఆ తర్వాత ఎక్కడైనా రాపిడి పెరిగితే దానికి తెలియదు పాపం, మనం ఎంత చచ్చీచెడీ తొక్కినా తక్కువే చూపిస్తుంది. కార్తీక మాసంలో రెండింటికీ నా చేత్తోనే కాలిబ్రేషన్ చేశాను. తేజ ఒక్క స్క్రూ కూడా ముట్టుకునేది కాదు. "మా అక్క చూసుకుంటుంది" అని అందరికీ చెప్పేది.

ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో జనవరి ఆఖర్లో తెలిసింది. ఇరవై నిమిషాల టెస్టులో నాకు నూట డెబ్బై నాలుగు వాట్లు. మూడేళ్ళ కష్టం. ఆ పిల్లకి నూట ఎనభై రెండు. నగ్మా మేడం తేజ ఫోటో గ్రూపులో పెట్టి "శభాష్" అని రాసింది. మా చుట్టాలందరూ ఆ ఫోటోని ఊరి గ్రూపుల్లోకి తోశారు. మా ఆయన కూడా పెట్టాడు. మొగుడు కొట్టినందుకు కాదు గానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. నా తోడికోడలు నవ్వను కూడా నవ్వలేదు. "అంతా నీవల్లే అక్కా" అని వచ్చి వాటేసుకుంది. అదే ఇంకా మండింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముందు నాకు దాని ట్రైనర్ మీదే అనుమానం వచ్చింది. ఆ పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు దాని సైకిలెక్కి తొక్కి చూశాను. నా అంకె నాకే వచ్చింది, అటూ ఇటూగా అదే నూట డెబ్బై నాలుగు. మద్దెల బాగానే ఉంది.

ఇక ఏం చేస్తాను? కుళ్ళుకున్నాను. దాని వయసు చూసి కుళ్ళుకున్నాను, దాని పొడుగు కాళ్ళు చూసి కుళ్ళుకున్నాను, అన్నంలో రెండోసారి నెయ్యి వేసుకున్నా ఒళ్ళు రాదని కుళ్ళుకున్నాను. సరిగ్గా అప్పుడే నగ్మా మేడం కబురు చెప్పింది. మార్చిలో ఒంగోలు నుంచి వాడరేవు దాకా ఆడవాళ్ళ జట్ల పోటీ. జట్టుకి ముగ్గురు. మా గ్రూపు నుంచి ఇద్దరు ఖాయం. ఆ మూడో చోటు మా ఇంటికే, నేనో తేజో, ఎవరికి వాట్లు ఎక్కువొస్తే వాళ్ళకి. ఈ ఇంట్లో రెండుగా కొనలేనిది ఇన్నాళ్ళకి ఒకటి వచ్చింది. అది నాకు కావాలి. మామూలుగా కాదు, గొంతులో ముద్ద దిగనంతగా కావాలి.

అమావాస్య వెళ్ళింది. ఏమైందో ఏమో, తేజ అంకె జారడం మొదలుపెట్టింది. నూట డెబ్బై ఐదు. తర్వాత డెబ్బై. తర్వాత అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. దిగేసరికి జాకెట్టు పిండితే చెమట కారేట్టుండేది, అంకె మాత్రం అంతే. దాని మొహం వాడిపోయింది. మా అత్తగారు పక్కకి పిలిచి, "నెలేమన్నా తప్పిందా అమ్మాయ్?" అని ఆశగా అడిగింది. కాదని తెలిశాక ఐరన్ మాత్రలు, బీట్‌రూట్ రసం. ప్రేమ్‌చంద్ అయితే, "ఒంట్లో ఓపిక లేనప్పుడు ఈ గోల మానెయ్యి" అని కసిరాడు. ఆ పిల్ల మేడ మీదికొచ్చి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నాకు సంతోషమేసింది. దాచుకోవడం ఎందుకు, బాగా సంతోషమేసింది. ఆ రోజు పూర్ణం బూరెలు వండాను.

టెస్టు ఆదివారం అనగా శుక్రవారం పొద్దున తేజ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఒకసారి నా ట్రైనర్ చూస్తావా? నాలోనే ఏదో తేడా ఉందనుకుంటున్నా గానీ, ఎందుకైనా మంచిది. నీకైతే తెలుస్తుంది."

"చూస్తాలే. నువ్వెళ్ళి కాఫీ కలుపు" అన్నాను.

టైర్లో గాలి సరిగ్గానే ఉంది. స్క్రూ నేను పెట్టిన గుర్తు దగ్గరే ఉంది. చేత్తో పెడల్ తిప్పి వదిలాను. నా ట్రైనర్ అయితే అలా తిరుగుతూ తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. ఇది వదిలీ వదలగానే ఆగిపోయింది. వంగి చూశాను. రోలర్ ఇరుసు దగ్గర, ఇనుప చట్రానికీ రోలర్‌కీ మధ్య సందులో, నల్లగా ఏదో ముద్ద. గోటితో గీకితే పసుపు రాలింది.

దారం. దిష్టి దారం. మా గేదె మెడకీ, ట్రాక్టర్ స్టీరింగ్‌కీ, పసిపిల్లల కాలికీ మా అత్తగారు కట్టే నల్లదారం. కట్టినప్పుడు వదులుగానే కట్టి ఉంటుంది. తిరిగి తిరిగి చుట్టుకుపోయి, బిగిసి, ఇరుసుని పట్టేసింది. ఆ పిల్ల మూడు వారాలుగా దాన్ని కూడా లాక్కుంటూ తొక్కుతోంది.

కిందికి వెళ్ళాను. మా అత్తగారు వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"అత్తయ్యా, తేజ సైకిల్‌కి ఏమన్నా కట్టారా?"

"సైకిల్‌కి కాదమ్మా, ఆ కింద తిరిగేదానికి కట్టా, అమావాస్య నాడు. ఆ ఫోటో ఫోన్లల్లో పెట్టిన కాడ్నుంచీ ఊళ్ళో ఎవుర్ని కదిలిచ్చినా దాని మాటే. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుద్ది అంటారు. ఎవురి కళ్ళెట్టాంటియో మనకేం తెలుసు?"

"మరి నాదానికి?"

ఆవిడ తలెత్తి చూసింది. ఆ చూపులో కపటం లేదు, నా ప్రశ్న నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి.

"నీదానికెందుకే? నీకెవురు పెడతారమ్మా దిష్టి!"

అంటూ మళ్ళీ తొడిమల్లో పడింది. నేను అక్కడే నిలబడిపోయాను. మిరపకాయల ఘాటుకి కళ్ళు మండుతున్నాయనుకుంటారు ఎవరైనా చూస్తే. బకెట్లు కూడా రెండు కొనే మనిషి. మూడేళ్ళు ఆ మేడ మీద ఒంటరిగా చెమటోడ్చాను, నాకు ఒక పోగు దారం కట్టాలని తోచలేదు ఆవిడకి. నన్ను చూసి ఎవరైనా ఏడుస్తారేమోనని ఈ ఇంట్లో ఒక్కరికీ భయం వేయలేదు.

మేడ మీదికి వచ్చేసరికి తేజ కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది.

"ఏమన్నా కనపడిందా అక్కా?"

"ఏం లేదు. అంతా సరిగ్గానే ఉంది."

"పోనీ కాలిబ్రేషన్ మళ్ళీ చేద్దామా?"

"అక్కర్లేదు. రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోతున్నావా నువ్వు?"

"లేదక్కా" అంది, తప్పంతా తనదేనన్నట్టు తల దించుకుని.

కాఫీ తాగాను. దారం కట్టింది నేను కాదు, కట్టమన్నదీ నేను కాదు. పెద్దవాళ్ళు భక్తితో కట్టిన దాన్ని తీయడానికి నేనెవరిని? ఇలాంటి న్యాయాలు నాకు ఆ రెండు రోజుల్లో చాలా తోచాయి. ఆ పిల్ల మీద ఇంత ప్రేమ కురిపించారుగా, ఆ ప్రేమే దాని చక్రం పట్టుకుంది, అనుభవించనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున నగ్మా మేడం వీడియో కాల్‌లోకి వచ్చింది. ఫోన్‌ని ఎదురుగా కిటికీలో నిలబెట్టాం. మా అత్తగారు కూడా ముక్కాలిపీట తెచ్చుకుని గోడ పక్కన కూర్చుంది, కోడళ్ళ పందెం చూడటానికి. నేను నా సైకిలెక్కి కాళ్ళు ఆడిస్తున్నాను.

"ఆగండి ఇద్దరూ" అంది నగ్మా మేడం. "తేజా, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఊరికే ఇంత డ్రాప్ రాదు. మనిషిదో మెషీన్‌దో ముందు తేలాలి. మీ రెండూ ఒకటే మోడల్ కదా? ఈ రోజు సైకిళ్ళు మార్చుకుని తొక్కండి. గాలి, స్క్రూ, కాలిబ్రేషన్, ఏదీ ముట్టుకోవద్దు. ఉన్నవి ఉన్నట్టే."

నేను గబుక్కున అడ్డుపడ్డాను. "మేడం, సీటు ఎత్తు తేడా ఉంటుంది..."

"సీటు మార్చుకోండి అఖిలా. దానికేముంది?"

దానికేమీ లేదు. దిగాను. ఆ సైకిలెక్కాను. దారం ఎక్కడుందో తెలుసు, వంగి నాలుగు పోగులు తెంపడానికి ఒక బ్లేడు చాలు. ఎదురుగా ఫోన్‌లో మేడం, పక్కన అత్తగారు, ఇంకో పక్క నా సీటు మీద తేజ. వంగడానికి వీల్లేదు.

తొక్కడం మొదలుపెట్టాను. వాన పడ్డాక నల్లరేగడి దారిలోకి సైకిల్ దింపితే చక్రాలకి మట్టి పట్టుకుని ఎలా ఉంటుందో అలా ఉంది. కాలు కిందికి వెళ్తుంది గానీ చక్రం వెనక్కి గుంజుతుంది. ఐదు నిమిషాలకే తొడలు మండాయి. పదో నిమిషానికి నోటితో ఊపిరి తీస్తున్నాను. అంకె చూస్తే నూట యాభై. ఎంత తన్నినా నూట యాభై. పక్కన నా ట్రైనర్ మీద తేజ, కట్టు తెంచుకున్న కోడెదూడలా పోతోంది. మొదట ఆశ్చర్యంగా చూసుకుంది అంకె వైపు. తర్వాత నవ్వు. మూడు వారాల తర్వాత నవ్వు.

ఆ నవ్వుని చూస్తూ, ఆ బరువుని లాగుతూ, నాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఈ బరువు మీద ఆ పిల్ల నూట అరవై ఎనిమిది తీసింది. రోజూ. ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ ఎక్కి తీసింది. నేనైతే రెండో రోజే దిగిపోయి ట్రైనర్‌ని తిట్టిపోసేదాన్ని. నా కుళ్ళు అప్పుడు కూడా తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇన్నాళ్ళూ దాని కాళ్ళు చూసి ఏడ్చాను. ఇప్పుడు దాని గుండె చూసి ఏడవాల్సి వచ్చింది.

అయిపోయింది. నాకు నూట యాభై ఒకటి. దానికి నూట ఎనభై తొమ్మిది. నేను దిగి నేల మీద చతికిలబడ్డాను.

మా అత్తగారు గబగబా లేచింది. "వామ్మో, నీకూ తగిలిందే తల్లీ! మొన్నటిదాకా రాయిలాగుండే పిల్ల!" అంటూ కిందికి పోయి నల్లదారం ఉండ, పసుపు గిన్నె పట్టుకొచ్చింది. నా పక్కన కూలబడి, పసుపు చేత్తో నా నెత్తి నిమిరి, "ఎవురి కన్నో పడింది నీమీద. నాదే తప్పు, ఆ రోజే నీకూ కట్టాల్సింది" అంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులుగా నేను కోరుకున్నది అదే.

ఫోన్‌లోంచి నగ్మా మేడం గొంతు వినపడింది. "ఇది మనిషిది కాదు. తేజ మెషీన్‌లోనే ఏదో పట్టేస్తోంది. అఖిలా, నువ్వు శుక్రవారం చెక్ చేశావని తేజ చెప్పింది కదా, ఏమీ కనపడలేదా?"

నేను జవాబు చెప్పేలోపే తేజ దిగింది. నేను నేర్పినట్టే ముందు టైరు నొక్కి చూసింది, స్క్రూ చూసింది, పెడల్ చేత్తో తిప్పి వదిలింది. ఆగిపోయింది చక్రం. మోకాళ్ళ మీద కూర్చుని రోలర్ సందులోకి వేలు పెట్టింది. వేలికి పసుపంటింది.

"అక్కా, ఇక్కడ దారమేదో చుట్టుకుంది. నువ్వు చూడలేదా?"

కనపడలేదు అంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేసేది. నిజంగా, మారుమాట లేకుండా నమ్మేసేది. అదే అబద్ధం రాకుండా నా నోరు కట్టేసింది.

"చూశాను" అన్నాను.

"శుక్రవారమా?"

"శుక్రవారమే."

మా అత్తగారు దారం ఉండ చేత్తో పట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏందమ్మా? నేను కట్టిందేనా అది?" అంది.

తేజ లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది. ముక్కలు ముక్కలుగా లాగింది దారాన్ని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడవలేదు. తీయగా తీయగా గుప్పెడు పోగులు వచ్చాయి. వాటిని నా ముందు నేల మీద పెట్టింది. తర్వాత సీటు తన ఎత్తుకి మార్చుకుని, తనే ఆ సైకిలెక్కి, టైరు వేడెక్కేదాకా తొక్కి, వేగం పెంచి కాళ్ళు ఆపేసింది. రోలర్ తిరుగుతూ తిరుగుతూ మెల్లగా ఆగింది. మొదటిసారి తన చేత్తో తను చేసుకున్న కాలిబ్రేషన్. సరిగ్గా చేసింది.

దిగి, సీటు మళ్ళీ నా ఎత్తుకి మార్చి, తువ్వాలుతో హ్యాండిల్ తుడిచింది.

"మేడం, ఇది లెక్కలోకి రాదు" అంది ఫోన్ వైపు తిరిగి. తర్వాత నావైపు తిరిగింది, మొహంలో నవ్వు లేదు. "కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కక్కా. నీ అంకె ఎంతో సరిగ్గా తెలియాలి. చక్రానికి దారం చుట్టుకున్న మనిషి మీద గెలిచి నేను వాడరేవు పోను."

నాకు కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. శుక్రవారం నాడు కాఫీ గ్లాసు పట్టుకుని నేను అనాల్సిన మాట అది. దాన్ని కూడా ఆ పిల్లే అనేసింది. అందుకు కూడా నాకు కుళ్ళే వచ్చింది.

నీళ్ళు తాగి, సైకిలెక్కాను.